మోగని కార్డు

వయసొచ్చిన మనిషి తన పెళ్లి సంబంధం తానే చూసుకోవచ్చునని కోర్టులు ఏనాడో ఒప్పుకున్నాయి. తన కంప్యూటర్‌కు పార్టులు తానే చూసుకోవచ్చునని మాత్రం మార్కాపురంలో ఇంతవరకు ఎవరూ ఒప్పుకోలేదు. ఆ అధికారం ఇంటి పెద్దలది, బంధువులది, పక్కింటివాళ్లది, దారినపోతూ టీకి ఆగినవాళ్లది. వాడబోయే మనిషికి కూడా ఈ వ్యవస్థలో ఒక పాత్ర ఉంది. డబ్బు తేవాలి, టీ పెట్టాలి.

హుమేరాకు ఈ నిబంధన తెలియదు. (తెలియకపోవడం మినహాయింపు కిందకు రాదు.) డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఊళ్లోనే ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బములు డిజైన్ చేసింది. చివరి పేజీలో ఎప్పుడూ ఓనరు పేరే పడేది. ఇప్పుడు గిద్దలూరులో స్టూడియో నడిపే దయామణి ఆమెకు ఒక మాట ఇచ్చింది. నెలాఖరు ఆదివారంలోగా ఒక పెళ్లి ఆల్బమ్ చేసి పంపాలి. అది నచ్చితే శ్రావణ మాసం పెళ్లిళ్లన్నీ హుమేరాకే. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, చివరి పేజీలో తన పేరే వేసుకోవచ్చు. ఆ చివరి మాట విన్నాక హుమేరాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఉన్న లాప్‌టాప్ కాలేజీ నాటిది. మూత మడతబందు ఊడిపోతే తీగతో కట్టి ఉంది. నాలుగు ఫోటోలు కలిపి తెరిస్తే ఆయాసపడి ఆగిపోతుంది. అందుకని, దాచుకున్న డబ్బుతో పార్టులు కొని, పనికి సరిపడే కంప్యూటర్ ఒకటి తన చేత్తో తానే బిగించుకోవాలనుకుంది. మూడు నెలలు వీడియోలు చూసి నోటుబుక్కు కాగితం మీద జాబితా రాసింది. ఎనిమిది పార్టులు, ఒక్కోదాని పక్కన అది ఎందుకో ఒక వాక్యం. పెళ్లికూతురి చీర ఎరుపు అచ్చులోనూ అదే ఎరుపుగా రావాలంటే ఎలాంటి మానిటరు కావాలో కూడా రాసుకుంది. ఆ కాగితాన్ని ఇంట్లో చూపించడం ఆమె చేసిన మొదటి పొరపాటు. చూపించిన క్షణం నుంచి అది జాబితా హోదా కోల్పోయి ప్రతిపాదన అయింది.

ప్రతిపాదన అన్నాక పరిశీలించడానికి మండలి ఉండాలి. శుక్రవారం నమాజు తర్వాత ముందరి గదిలో అది కొలువుదీరింది. అధ్యక్షుడు హుమేరా తండ్రి లాల్ అహ్మద్. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లుగా మంచి పలకలు, చెడ్డ పలకలు ఏరి వేరు చేసే పని ఆయనది. సాంకేతిక సభ్యుడు మేనమామ మున్నా, సెల్ రీచార్జి దుకాణం యజమాని. విద్యుత్ సభ్యుడు పక్కింటి వీరాంజనేయులు, లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. కోరం సరిపోయింది.

“ఏంది బేటీ ఇది, గ్రాఫిక్స్ కార్డు?” అన్నాడు లాల్ అహ్మద్, కాగితాన్ని చేతికి అందినంత దూరం పట్టుకుని.

“బొమ్మ చూపించేది అబ్బా. నేను రాసిన ప్రాసెసర్‌కి సొంతంగా బొమ్మ చూపించే గుణం లేదు. పనికి గట్టిది, ధర తక్కువని అది రాసినా. ఈ కార్డు పెడితేనే తెర మీద ఏమన్నా కనపడేది.”

“బొమ్మ మానిటరు చూపిస్తాది గదా,” అన్నాడు మున్నా. “అందుకే గదా దాన్ని కొనేది? ఒక్క పనికి ఇద్దరు కూలీలను పెడతారా ఎవరన్నా?”

ఈ వాదనలోని బలాన్ని మండలి ఏకగ్రీవంగా మెచ్చుకుంది.

“కార్డు సంగతి నాకు తెల్దు పాపా,” అన్నాడు వీరాంజనేయులు. “పవర్ సప్లై నాలుగొందల యాభై వాట్లు రాసినావేంది? వెయ్యి పెట్టు. మన కరెంటు ఫీడరు సంగతి నీకు తెల్దు, నాకు తెలుసు.”

“అంత అక్కర్లేదు మామా.”

“అక్కర ఎప్పుడొస్తాదో ఎవురికి తెలుసు?”

కార్డు లేకపోతే తెర వెలగదన్న సంగతి హుమేరా రెండోసారి చెప్పింది. మూడోసారి చెబుతుండగా టీ పొంగుతోందని లోపల్నుంచి ఆమె తల్లి రహమత్‌బీ కేకేసింది. హుమేరా ట్రే పట్టుకుని తిరిగొచ్చేసరికి తీర్మానాలు ఆమోదం పొందాయి. పవర్ సప్లై వెయ్యి వాట్లు. క్యాబినెట్, అంటే పార్టులన్నీ లోపల కూర్చునే ఇనప డబ్బా, నలుగురూ వచ్చి చూసేలా ఉండాలి. కార్డు విషయం దుకాణంలో అధ్యక్షుడు స్వయంగా పరీక్షించి తేలుస్తాడు. అన్నీ మనమే మారిస్తే ఏం బాగుంటుంది, ఆడపిల్ల మాట ఒకటన్నా నిలబెట్టాలి గదా అని, ప్రాసెసర్ మాత్రం ఆమె రాసిందే ఉంచారు. (ఈ ఔదార్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.)

శనివారం కొనుగోలు బృందం బయలుదేరింది. బండ్లు రెండు. మున్నా వెనక లాల్ అహ్మద్ కూర్చున్నాడు. వీరాంజనేయులు వెనక సీటు ఖాళీయే గానీ, తిరుగు ప్రయాణంలో క్యాబినెట్ డబ్బాకు చోటు కావాలి కాబట్టి దాన్ని ముందే రిజర్వు చేశారు. హుమేరాకు వీడియో కాల్‌లో స్థానం కేటాయించారు.

పలకల పనిలో కంటికన్నా చెవికి విలువ ఎక్కువ. పైకి ఎంత నున్నగా ఉన్నా, మధ్య వేలు మడిచి కణుపుతో కొడితే మంచి పలక ఖంగుమంటుంది. లోపల పగులుంటే డప్పుమంటుంది. ఈ పరీక్షలో లాల్ అహ్మద్ చెవికి తిరుగులేదని ఫ్యాక్టరీలో పేరు. ఇంటికొచ్చే కుండ, తలుపు చెక్క, పుచ్చకాయ, అన్నీ ఆ కణుపు కింద పాసైనవే. కంప్యూటర్ పార్టులకు మినహాయింపు ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పలేదు.

మెయిన్ బజారులోని ఆ దుకాణం ఓనరు రంగనాయకులు బల్ల మీద సరుకు పరిచాడు. హుమేరా ఇంట్లో గోడకు ఆనుకుని ఫోన్‌లో చూస్తోంది. లాల్ అహ్మద్ మొదటి క్యాబినెట్ మీద కొట్టాడు. రేకు శబ్దం. రెండోది అంతే. మూడోది మందపాటి ఇనుముతో, ముందు అద్దం, చుట్టూ రంగు దీపాలతో ఉంది. దాని మీద కొట్టగానే దుకాణమంతా మోగింది.

“సరుకంటే ఇదీ,” అన్నాడు.

ర్యామ్ లాంటి చిన్న సరుకును సైజు తక్కువన్న కారణంతో పరీక్ష లేకుండా వదిలేశారు. చివరికి గ్రాఫిక్స్ కార్డు వంతు వచ్చింది. ప్లాస్టిక్ తొడుగు, రెండు బుల్లి ఫ్యాన్లు. లాల్ అహ్మద్ చెవి దగ్గర పెట్టుకుని కొట్టాడు. డప్.

“లోపల పగులుంది,” అన్నాడు.

రంగనాయకులు ఇంకోటి విప్పాడు. డప్.

“ఇదీ పగిలిందే. ఈ లాటే చెడింది నాయనా. పైగా ఇంట్లో ఫ్యాన్లు ఉండనే ఉండాయి.”

“అబ్బా, అది పలక కాదు!” అని ఫోన్‌లో అరిచింది హుమేరా. “అది లేకుంటే తెర వెలగదు! తీసుకో అబ్బా!”

ఈ అభ్యంతరం మండలికి అందలేదు. పెద్దవాళ్లు బేరమాడుతుంటే గోలెందుకని మున్నా ఫోన్ సౌండు తగ్గించాడు. అవతలి వాళ్లకు హుమేరా కనిపిస్తోంది, వినిపించడం లేదు. లాల్ అహ్మద్ ఆమెను చూసి చెయ్యి ఊపాడు. ఆ ముఖంలో ఎంత సంతోషమో! ముప్పై ఒక్క ఏళ్ల నుంచి ఫ్యాక్టరీ షెడ్డు దాటి ఆయన చెవిని నమ్మినవాళ్లు లేరు. ఇవాళ ఏసీ దుకాణంలో అందరూ ఆయన కణుపు వైపు చూస్తున్నారు. అది చూసి హుమేరాకు కోపం, ప్రేమ రెండూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు వెళ్లగక్కాలో తెలియక ఏడ్చేసింది. “ఆనందం పట్టలేక ఏడుస్తాంది పిల్ల,” అన్నాడు మున్నా.

కార్డు డబ్బు మందపాటి ఇనుముకు, రంగు దీపాలకు, వెయ్యి వాట్లకు సరిపోయింది. సరుకు ఇంటికి చేరగానే హుమేరా దుకాణానికి ఫోన్ చేసింది.

“విప్పిన డబ్బాలు వాపసు తీసుకోమమ్మా, బోర్డు గూడా పెట్టినాం,” అన్నాడు రంగనాయకులు. “పైగా అన్నీ మీ నాయన కొట్టి చూసుకుని తీసుకున్నవే.”

తెర వెలగదని తెలిసే హుమేరా పార్టులు బిగించడానికి కూర్చుంది. వెలగలేదని చూపిస్తే తప్ప మండలి నమ్మదు. అదీగాక మూడు నెలలుగా చేతులు దురద పెడుతున్నాయి. చాప మీద పాత దుప్పటి పరిచి, ప్రాసెసర్‌ను దాని గుంటలో ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టింది. ఒక్కో మర బిగుస్తుంటే ఎంత చిరాకులోనూ ఆమెకు నవ్వొచ్చింది. అంతా ఒక పూటలో అయిపోయింది. ఎక్కడా ఒక్క తీగ తప్పు పోలేదు.

మీట నొక్కగానే దీపాలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలిగాయి. రహమత్‌బీ ఎండు మిరపకాయలు తెచ్చి కంప్యూటర్‌కు దిష్టి తీసింది. మానిటరు మీద సిగ్నల్ లేదని ఒక ముక్క వచ్చి, అదీ ఆరిపోయింది.

మండలి వెంటనే తనిఖీ జరిపింది.

“మన వీధిలో సిగ్నల్ ఎప్పుడూ ఇంతే,” అన్నాడు మున్నా.

వీరాంజనేయులు టెస్టరు పెట్టి చూశాడు. “కరెంటు బ్రహ్మాండంగా వస్తాంది.”

లాల్ అహ్మద్ క్యాబినెట్ మీద కొట్టాడు. “మోత బాగుంది.”

మూడు శాఖలూ ఎవరికి వారు అంతా సవ్యంగా ఉందని తేల్చాయి కాబట్టి, కంప్యూటర్ పని చేస్తోందనీ, కనపడటం లేదంతేననీ మండలి ప్రకటించింది. (ఇంతకన్నా పెద్ద పథకాలు దేశంలో ఇదే స్థితిలో నడుస్తున్నాయి.)

నెలాఖరు ఆదివారం దగ్గర పడుతోంది. హుమేరా కొత్త మానిటరు తీగను పాత లాప్‌టాప్‌కు తగిలించింది. తెర వెలిగింది.

“చూసినావా, మానిటరు చూపిస్తానే ఉంది గదా!” అన్నాడు మున్నా. తన పాత వాదన నెగ్గినందుకు ఆ పూట ఆయనకు రెండు టీలు పడ్డాయి.

ఆల్బమ్ నలభై ఎనిమిది పేజీలు. ఒక్కో పేజీ సేవ్ కావడానికి ఒక టీ కాగేంత సేపు. ఒకసారి ముప్పయ్యో పేజీ దగ్గర లాప్‌టాప్ నిలువునా ఆగిపోయి ఐదు పేజీలు మింగేసింది. అటు పక్కన కొత్త కంప్యూటర్‌ను చూడటానికి వీధి వీధంతా వచ్చి పోతోంది, దీపాలు భలే ఉన్నాయని మెచ్చుకుంటోంది. హుమేరా వాళ్ల కాళ్ల మధ్య కూర్చుని పెళ్లికూతురి చీర ఎరుపు సరిచేసుకుంది. ఆదివారం పోయింది. ఆల్బమ్ మంగళవారం మధ్యాహ్నం వెళ్లింది.

బుధవారం దయామణి ఫోన్ చేసింది.

“పని శానా బాగుంది పాపా. ఎరుపు ఎరుపుగానే వచ్చింది, మా వాళ్లకు ఎప్పుడూ రాదు. కానీ ఆదివారం అన్నా, మంగళారం వచ్చింది. శ్రావణంలో రోజుకు రెండు పెళ్లిళ్లు ఉంటాయి, ఇట్ల అయితే నేను పార్టీలకు ఏం చెప్పేది? నిన్న పొద్దున్నే ఒంగోలోళ్లకు మాటిచ్చేసినా. ఈ ఆల్బమ్ డబ్బులు పంపిస్తా. కార్తీకంలో చూద్దాంలే.”

“సరే అక్కా,” అంది హుమేరా. ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది. వెలగని తెర కన్నా, కార్డు గురించి తను అన్నిసార్లు చెప్పినా ఎవరూ వినని మాటే ఆమెకు ఎక్కువ గుర్తొచ్చింది.

దయామణి పంపిన డబ్బు రాగానే హుమేరా ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి మెయిన్ బజారుకు పోయింది. రంగనాయకులు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. “మీ నాయన పగిలిందన్నాడే, అదేనమ్మా,” అన్నాడు. హుమేరా దాన్ని కొట్టి చూడకుండానే తీసుకుంది.

ఇంటికొచ్చి గాడిలో కూర్చోబెట్టి మీట నొక్కింది. ఈసారి తెర వెలిగింది. నలభై ఎనిమిది పేజీలూ కన్ను మూసి తెరిచేలోగా తెరుచుకున్నాయి. పెళ్లికూతురు ఎర్రచీరలో తెరంతా నిండింది. వార్త తెలిసి మండలి అత్యవసరంగా సమావేశమైంది. లాల్ అహ్మద్ కళ్లద్దాలు తుడుచుకుని తెర వైపు, అద్దం వెనకున్న కార్డు వైపు మార్చి మార్చి చూశాడు. అలవాటు కొద్దీ వేలు మడిచి, మళ్లీ చాపుకున్నాడు.

“ఇది లేకుంటే బొమ్మ రాదా బేటీ?”

“రాదబ్బా.”

ఆయన ముఖం నిజంగానే చిన్నబోయింది. కూతురి తల మీద చెయ్యి వేశాడు.

“ఈ ముక్క ముందే చెప్పకపోయినావా తల్లీ? శ్రావణం పని పోకుండా ఉండేది గదా.”

వీరాంజనేయులు, మున్నా తలలూపారు. పెద్దలకు సకాలంలో సమాచారం ఇవ్వడంలో ఈ తరం చూపుతున్న నిర్లక్ష్యం మీద మండలి విచారం వ్యక్తం చేసి, టీ కోసం ఎదురుచూసింది.