ఆరు మంచాల సర్వే

సూరత్‌లో మా నవాగామ్ గల్లీని చెరువు చేయబోతున్నారు. దయచేసి ఎవరూ అడ్డుపడకండి!

వాతావరణం మారిందట. ఇకమీద వాన పడితే కుంభవృష్టేనట. మా పక్కనున్న ఖాడీ, అంటే ఊరి మధ్య పారే వాగు, పొంగితే ఆ నీళ్లు నిలవడానికి చోటు కావాలి కదా? అందుకని ప్లానర్లు రంగుల మ్యాప్ గీశారు. మా గది ఉన్నచోట నీలం రంగు, దాని మీద రెండు బాతులు. ఎంత ముద్దుగా ఉన్నాయో!

మా సొంతూళ్లో బోర్లు ఎండిపోతేనే కదా మేం మగ్గాలు నడుపుకుందామని ఇంత దూరం వచ్చింది? నీళ్లు లేక వచ్చినవాళ్లకు ఏకంగా చెరువే ఇస్తున్నారు. ఇంత మర్యాద ఏ కొత్తల్లుడికి జరిగింది చెప్పండి?

పైగా ఊరికే పొమ్మనడం లేదు. గదిలో ఎంతమంది ఉంటే అంతమందికీ వేరేచోట వసతి చూపిస్తారట. అందుకోసం సర్వే బాబు ఒక మంగళవారం పగటిపూట ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. ఆరు మంచాలు, వాటి మీద నైట్ షిఫ్టు దిగి నిద్రపోతున్న ఆరుగురు. ఆరు అని నొక్కాడు. ఒక్కరినీ నిద్ర లేపలేదు. ఇంత సున్నితమైన మనిషి ఈ రోజుల్లో దొరుకుతాడా?

మాకు వండిపెట్టే సారక్కకే ఓపిక తక్కువ.

"ఆరుగురేంది భాయ్‌సాబ్? బారా ఆద్మీ! మిగిలినోళ్లు మగ్గాల కాడున్నరు. గివే మంచాల మీద వంతులేసుకుని పంటరు. జర మంచిగ రాయి!" అంటూ పన్నెండు కంచాలు తెచ్చి అతని ముందు పరిచింది.

బాబు కంచాలు లెక్కపెట్టాడు. మనిషికి రెండేసి కంచాలు, కలిగినవాళ్లే అని రాసుకుని, పడుకున్న ఆరుగురి పేర్లు మాత్రం ఆమెనే అడిగి ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

జాబితా వచ్చింది. నా మంచం పంచుకునే పరుశురాం పేరుంది, నా పేరు లేదు. ఆ వారం నాది పగటి షిఫ్టు మరి! బాబు వారం ఆగి వస్తే నేను ఉండేవాణ్ని, వాడు ఉండేవాడు కాదు. పాపం, పరుశురామే నొచ్చుకున్నాడు. "గా ఇంట్ల గూడ వంతులేసుకుందాం తీయన్నా" అన్నాడు.

నాకేం బాధ? లెక్కలో లేకపోతే ఎంత సుఖం! నోటీసు రాదు, మీటింగ్‌కు పిలవరు. అన్నిటినీ మించి, లేని మనిషి నీళ్లలో మునగడు!

ఒక్కటే అనుమానం. పోయినేడు ఖాడీ పొంగింది ఆదివారం నాడు. మగ్గాలకు సెలవు, అందరం గదిలోనే ఉన్నాం. సారక్కను అటక ఎక్కించి, పన్నెండు మందిమీ గొంతులోతు నీళ్లలో నిలబడ్డాం. నాకైతే ప్రాణం మీద ఆశ పోయింది. ఖాడీ చేతిలో ట్యాబ్ లేదు, అయినా మాలో ఒక్కణ్నీ వదలకుండా గొంతుదాకా వచ్చి చూసుకుని వెళ్లింది.

సర్వే అంటే అదీ!