ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు ఎనిమిది నిమిషాలు

ఆత్మకూరు రోడ్డు బాగు చేయించమని అర్జీలు పట్టుకొచ్చిన జనానికి మంత్రి పెంచలప్రసాద్ గారు చెయ్యెత్తి ఆకాశం చూపించారు.

"రోడ్డు దేనికి? గుంతలు లేని దారి అదిగో! ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు విమానం. ఎనిమిది నిమిషాలు!"

అంతటి దూరదృష్టి అంతకుముందు ఏ నాయకుడికీ కలగలేదు. ఊరి బయట తిన్నగా మిగిలిన కాస్త రోడ్డునూ రన్‌వేకు తీసుకుని, ప్రారంభోత్సవం నాడు బస్సులు ఆపేశారు.

కిరాణా కొట్టు సుకుమారి మాత్రం పొంగిపోయింది. ఆత్మకూరు నర్సింగ్ హోమ్‌లో కూతురు చైత్రకు ఆ రోజే తొలి కాన్పు. నొప్పులు మొదలయ్యాయి, అమ్మ కావాలని పిల్ల ఫోన్‌లో ఒకటే ఏడుపు. అంతలో మంత్రిగారి పి.ఏ. కామయ్య వచ్చి, సామాన్య మహిళల కోటాలో మొదటి ప్రయాణికురాలు ఆమేనన్నాడు. తీరా ఎక్కి చూస్తే పక్క సీట్లో చైత్రకు కాన్పు చెయ్యాల్సిన డాక్టరమ్మ! ముఖ్య అతిథిగా పిలిపించారట.

"భయపడబాకండి. ఎనిమిది నిమిషాలే గదా, ఇద్దరం ఒకేసారి దిగుతాం," అంది డాక్టరమ్మ.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. విమానం ముక్కుకు గుమ్మడికాయతో దిష్టి తీశారు. పైలట్ బయల్దేరబోతుండగా మంత్రిగారు తుమ్మారు.

"ఆపండి!" అన్నాడు కామయ్య. "అందురూ దిగి, కూచ్చోని, నీళ్ళు తాగి ఎక్కాల."

దిగారు. తాగారు. ఎక్కారు. ఈసారి డాక్టరమ్మ తుమ్మింది. మంత్రిగారి తుమ్ముకు ఎంత మర్యాద చేశారో ఆమె తుమ్ముకూ అంతే మర్యాద చేశారు. ప్రజాస్వామ్యమంటే అదీ! మళ్ళీ ఎక్కగానే పైలట్ తుమ్మాడు.

"నేను కూడా దిగాలా సార్?"

"నువ్వే ముందు దిగాలబ్బయా!"

కామయ్యకు అనుమానమొచ్చింది. "ఏమ్మా, ఆ సంచిలో ఏముండాది?"

"శొంఠి, మిరియాలు, ఎండుమిరపకాయలు దంచిన పొడి నాయనా. బాలింతకు. మూత కాస్త వదులు."

"దిగు తల్లో, దిగు! నీ మిరియాలకు రాష్ట్ర ప్రగతే ఆగిపోతా ఉండాది."

"నేను దిగతా గానీ, డాక్టరమ్మను కూడా పంపించయ్యా. నా బిడ్డ అవస్థ పడతా ఉండాది."

"ముఖ్య అతిథి ఎగరకుండా ఎట్ట పోతాదమ్మా?"

"మీకంటే ముందు నేనే ఉంటా, పొండి," అని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది.

సంచితోపాటు సుకుమారిని దించారు గానీ, సీట్ల కింద ఒలికిన పొడిని దించాలని ఎవరికీ తోచలేదు.

దొరికిన ఆటో ఎక్కి, ప్రతి గుంతలోనూ తల టాపుకు కొట్టుకుంటూ, ఆమె నర్సింగ్ హోమ్ చేరింది. చైత్ర తల్లి చెయ్యి దొరకపుచ్చుకుని, ఎముకలు విరిగేటట్టు పిసికింది.

"డాక్టరమ్మ ఏదమ్మా? బిడ్డ తల కనపడతా ఉండాది!" అంది నర్సు హన్నమ్మ చెమటలు కక్కుతూ.

"ఇంకా రాలేదా? విమానంలోనే గదా!"

అప్పుడే బయట హాల్లోని టీవీ చప్పట్లతో దద్దరిల్లింది. మెడనిండా దండలతో మంత్రిగారు, పక్కన ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని డాక్టరమ్మ.

"సోదర సోదరీమణులారా! చెప్పిన మాట ప్రకారం, సరిగ్గా ఎనిమిది నిమిషాల్లో, ఇప్పుడే ఆత్మకూరు గడ్డ మీద దిగినాం!"

"దిగినారంట! వచ్చేస్తారు. కాస్త ఓర్చుకో చైత్రా, ముక్కబాక," అంది హన్నమ్మ, ప్రాణం లేచొచ్చినట్టు.

సుకుమారి తలుపు సందులోంచి టీవీ వంక చూసింది. మంత్రిగారి వెనకాల, రోజూ ఆమె మిద్దె మీద వడియాలు పెట్టేటప్పుడు ఎదురుగా కనపడే ఉదయగిరి దుర్గం కొండ నిలువునా నిలబడి ఉంది.

సుకుమారి తలుపు మూసి, కొంగు నడుముకు బిగించింది.

"ఇంకెవురి కోసరం చూడబాక హన్నమ్మా. నువ్వే కానీ తల్లీ!"