అల్లుడు గారి వెండి మందు

సామర్లకోటలో పెళ్ళి చూసుకుని, మూడు రోజుల తరువాత ఆకివీడు దగ్గరి తన చేపల చెరువుకు చేరిన జగన్నాథరావుకు ఆ ఉదయం ఉన్న పని ఒకటే. గట్టు మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ముంచడం. అరచెయ్యి పచ్చగా, మసకగా కనిపిస్తే నాచు సరిగా ఉన్నట్టు. కంటికి ఆనని ఆ సన్ననాచే చేపలకు తిండీ, ఊపిరీ. నాలుగెకరాల నిండా బొచ్చె చేపలూ శీలావతులూ ఉన్నాయి, పదిహేను రోజుల్లో వల వేసి పట్టి అమ్మాలి.

ముంచాడు. అరచెయ్యే కాదు, ఉంగరంలోని రాయీ, అడుగున పాకుతున్న నత్తా కూడా కనిపించాయి.

"ఎలా ఉందండి మామయ్య గారూ?" అంటూ వెనకనుంచి వచ్చాడు మణిదీప్. అల్లుడై మూడు నెలలైంది. చదివింది కంప్యూటర్లు, అమ్మేది చెరువు మందులు. "మీరు ఊళ్ళో లేనప్పుడు నానో సిల్వర్ కొట్టించానండి. వెండేనండి, కానీ కంటికి కనపడదు. నాచులోకి దూరి మొత్తం చంపేస్తుంది. నీళ్ళు చూడండి, మినరల్ వాటర్ లాగా లేవూ?"

జగన్నాథరావుకు ఒళ్ళు మండిపోయింది. కానీ అల్లుణ్ణి తిట్టడం ఆ ఇంటా వంటా లేదు. అందుకని చెరువులో నీళ్ళు చిమ్మే ఏరియేటర్ వైపు తిరిగాడు.

"దరిద్రుడా, నిన్ను తెచ్చి నెత్తిన పెట్టుకున్నాను చూడు, నన్ననాలి. ఎందుకు పనికొస్తావురా నువ్వు?"

"పాపం, మెషీన్ని తిట్టకండి. సర్వీసింగ్ చేయిస్తే సరిపోతుంది," అన్నాడు మణిదీప్ జాలిగా.

ఈలోగా ఊపిరాడక చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలసాగాయి. అవి ఆడుకుంటున్నాయనుకున్నాడు మణిదీప్. వీడియో తీసి, "జగన్నాథరావు గారి చెరువు, మా నానో సిల్వర్‌తో అద్దంలాంటి నీళ్ళు" అని రాసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

జగన్నాథరావుకు మిగిలిన ఆశ పక్క చెరువు. చంద్రరావును బతిమాలి అతని పచ్చనీళ్ళు తోడుకుంటే నాచు మళ్ళీ అందుకుంటుంది. ఆయన చెప్పులేసుకునే లోపే చంద్రరావు బండి మీద వచ్చాడు.

"వీడియో చూశానండి. మీ అల్లుడు గారు మొన్న ఇచ్చిన డబ్బా ఉంటే ఇప్పుడే నేనూ కొట్టేశాను. మీరు వాడారంటే ఇంక ఆలోచించేదేముంది?"

జగన్నాథరావు ఏరియేటర్‌ను ఈసారి దాని తాతముత్తాతలతో సహా తిట్టాడు.

చివరికి భార్య సంపూర్ణమ్మ నోరు విప్పింది. "దొడ్లో గేదెల గుంట పచ్చగానే ఉంది కదండి. అల్లుడు గారు దాన్నీ బాగుచేస్తానంటే డబ్బా నేనే అటక మీద దాచేశాను."

వెండి నీళ్ళు కిందివాళ్ళ చెరువులకు పోకూడదని, సగం తోడి తమ బీడు మడిలోకే ఎత్తిపోశారు. కాలవ నీళ్ళు పెట్టి, గుంట నీళ్ళు కలిపారు. చంద్రరావుకూ కాసిని ఇచ్చారు. అప్పటికే మూడోవంతు చేపలు గట్టు మీద కుప్పయ్యాయి. వాటిని పూడుస్తుంటే జగన్నాథరావుకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

పది రోజులకు చెరువు పచ్చబడింది. మణిదీప్ వచ్చి వంగి చూశాడు. "అయ్యో, మళ్ళీ మురికి పట్టిందేంటండి? ఇంకో డబ్బా తేనా?"

జగన్నాథరావు ఈసారి ఎటూ తిరగలేదు. అల్లుడి మొహంలోకి చూస్తూ, "బంగారంలాంటి చెరువును వల్లకాడు చేశావు కదరా" అని మొదలుపెట్టి పావుగంట సేపు ఆపకుండా తిట్టాడు.

ఆ ఇంట్లో తనను తిట్టే మనిషి ఉంటాడన్న ఊహే లేని మణిదీప్ అంతా ఓపికగా విని, వెనక్కి తిరిగి చూశాడు. "పాపం, దానికి మళ్ళీ ఏమైందండి?"

ఏరియేటర్ ఆ రోజు చక్కగా తిరుగుతోంది.