ఉగ్గుగిన్నె మేనమామ

ఆ ఆదివారం తెల్లవారుతుండగా వైకుంఠరావు కలలోకి పూరీలు వచ్చాయి. చిలికా సరస్సు నీళ్ళమీద చలికాలపు బాతులు వాలినట్టు, బాగా పొంగినవి ఒక్కొక్కటే వచ్చి వాలుతున్నాయి. ఆయన పేరుపెట్టి పిలుస్తున్నాడు, అవి వస్తున్నాయి. మొదటిదాన్ని అందుకుందామని చెయ్యి చాచేసరికి భార్య పుణ్యవతి భుజం పట్టి కుదిపింది.

"లెగండి. గుడ్డు సల్లారిపోతంది. ఎనిమిదింటికి బండొచ్చెస్తాది."

గుడ్డంటే గుడ్డు కాదు, దాని తెల్లసొన. అదీ సగం. బరంపురంలో ఒక సర్కారీ ఆఫీసులో బొడొబాబు, అనగా హెడ్ గుమాస్తా అయిన వైకుంఠరావు, ఎనిమిది నెలల కిందట విశాఖపట్నంలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాడు. పొట్టలో మూడొంతులు కోసి తీసేసి, అరటికాయంత మిగిల్చారు. నూట ఇరవై రెండు కిలోల మనిషి డెబ్బై ఎనిమిదికి దిగాడు. మోకాళ్ళ నొప్పి పోయింది, షుగరు మాత్రలు పోయాయి, గురక పోయి పుణ్యవతికి నిద్ర దక్కింది. ఆకలి కూడా పోయింది. ఆశ మాత్రం ఉన్నచోటే కూర్చుంది.

డాక్టరు చెప్పినవన్నీ పుణ్యవతికి కంఠతా వచ్చు. ముద్దని ఇరవై అయిదుసార్లు నమలాలి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. తీపి ముట్టుకోకూడదు, ముట్టుకుంటే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. కూతురు పసితనంలో వాడిన వెండి ఉగ్గుగిన్నెని అటకమీంచి దింపి, చింతపండుతో తోమి, "ఇంక ఇదే మీ కంచం" అంది. నాలుగు చెంచాలు పడితే నిండిపోయే గిన్నె. వైకుంఠరావు దాన్ని జేబులో వేసుకుని తిరుగుతాడు. ఇరవై అయిదుసార్లు నమలడం చిన్న ప్రయాణం కాదు. పదోసారికి మనసు చిన్నప్పటి వీధికి వెళ్తుంది, పదిహేనోసారికి అమ్మ పొయ్యి ముందు చతికిలబడుతుంది, ఇరవయ్యోసారికి ఏదో పెళ్ళి బంతిలో విస్తరి ముందు కూర్చుంటుంది. తిరిగొచ్చేసరికి నోట్లో ఏమీ ఉండదు.

ఆనాటి పని మేనకోడలు కామాక్షి సంబంధం. పిల్ల దిగపహండి హైస్కూల్లో లెక్కల టీచరు. తండ్రి లేడు. రంభలో రొయ్యల వ్యాపారం చేసే తవిటయ్య కొడుకు, బ్యాంకు ఉద్యోగి, వచ్చి చూసి ఇష్టపడ్డాడు. ఆ రోజు వైకుంఠరావు పరీక్షల కోసం విశాఖపట్నంలో ఉండి రాలేకపోయాడు. ఇప్పుడు పిల్లవైపు పెద్దలు వెళ్ళి మగపిల్లాడి ఇల్లు చూసి, అక్కడ భోంచెయ్యాలి. ఆ వైపు ఆనవాయితీ అది. కడుపునిండా తింటే సంబంధం ఒప్పుకున్నట్టు. మధ్యలో లేస్తే లేదన్నట్టు. బంతిలో పెద్దమనిషి లేచేదాకా ఎవరూ లేవకూడదు, ఆయన లేచాక ఎవరూ కూర్చోకూడదు. మేనమామే పెద్దమనిషి.

బయల్దేరేముందు కామాక్షి ఆయన చొక్కా గుండీ పెడుతూ, "మాఁవయ్యా, నాకేటీ అక్కర్నేదు. నా ఉజ్జోగం మానననీ ఒక్క మాట సెప్పెయ్యి సాలు" అంది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. చెప్పేస్తానన్నాడు.

ఆయన చెల్లెలు, కామాక్షి తల్లి నీలమ్మ బెంగ వేరు. వ్యాను ఛత్రపురం దాటాక గొంతు తగ్గించి, "అన్నియ్యా, పొట్ట కోయించుకున్నానని మాత్రం నోరు జారకు. మేనమాఁవకి కోసేరంటే పిల్లకీ ఏదో జబ్బుందనుకుంటారు" అంది.

"మరి తినకపోతే?"

"తిన్నట్టు నటించు."

"జీవితమంతా తిన్నానే, నటించడం ఎలాగో నాకేటి తెలుసు?" అని వైకుంఠరావు కిటికీలోంచి బయటికి చూశాడు. మంచు ఇంకా విడలేదు. చేలు, ఉప్పు మడులు, కొండలు అన్నీ పాలలో నానుతున్నట్టున్నాయి. నానినవాటిని చూస్తే ఆయనకి మళ్ళీ ఆశ పుట్టింది.

వ్యాను తోలుతున్నవాడు, వైకుంఠరావుని ఆస్పత్రికి కూడా తిప్పినవాడు, పేరు కొండలు. పేరుకి తగ్గ మనిషి. ఆదివారం కదా అని ఉతికిన తెల్ల లాల్చీ వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని వచ్చాడు. స్టీరింగుకీ పొట్టకీ మధ్య చీమ దూరే సందు లేదు. రంభలో తవిటయ్య ఇంటి ముందు బండి ఆపి, ఆడవాళ్ళకి తలుపు తియ్యడానికి వాడే ముందు దిగాడు.

తవిటయ్య అప్పటికే చేతులు చాచుకుని వస్తున్నాడు. ఆయనా తక్కువవాడేం కాదు, నూటపది కిలోలకి పైమాటే. పన్నెండేళ్ళ కిందట బరంపురంలో ఒక పెళ్ళి బంతిలో వైకుంఠరావుని దూరం నుంచి చూశాడు. ఆ రోజు బంతి మొత్తం గంటన్నర చేతులు ఎండబెట్టుకుని ఆయన లేవడం కోసం కాచుకుని కూర్చుంది. మొహం మరిచిపోయాడు గానీ కైవారం మరిచిపోలేదు. నేరుగా వచ్చి కొండల్ని కావిలించుకున్నాడు. ఒకరి చేతులు ఒకరికి అందలేదు.

"రండి రండి వైకుంఠబాబూ! ఇన్నాళ్ళకి మా గుమ్మం తొక్కేరు. ఏటీ మారనేదు మీరు!"

కొండలు నోరు తెరిచాడు. నీలమ్మ అంతకంటే ముందు తెరిచింది. "అవునండి అన్నగారూ, మా అన్నియ్య ఎక్కడికెల్లినా అలాగే ఉంటాడు" అనేసి, వెనక పళ్ళబుట్ట పట్టుకుని దిగుతున్న అసలు అన్న చేతిలో, బండికి వేలాడుతున్న తాళాలు తీసి పెట్టింది. "దేవుడే పంపించేడు. నోరు మూసుకో" అని గొణిగింది.

"నీలా, ఇదేటే!"

"ఆడు తింటాడు, నువ్వు తినలేవు. అంతే." కొండల్ని పక్కకి లాగి చెవిలో ఊదింది.

"నానేటి సెయ్యాలమ్మా?" అన్నాడు కొండలు భయంగా.

"తిను. ఏటడిగినా ఊఁ అను."

"అంతేనా?" అన్నాడు కొండలు. వాడి మొహంలో అంత శాంతి పుణ్యవతి అంతకుముందెప్పుడూ చూడలేదు.

అలా మేనమామ లోపలికి, డ్రైవరు దొడ్లోకి నడిచారు. వైకుంఠరావుకి కోపం రావాలి, రాలేదు. దొడ్డివాకిలి అరుగుమీద కూర్చుంటే ఎదురుగా చిలికా. పడవలు కదిలీ కదలనట్టు ఉన్నాయి. ఎనిమిది నెలలుగా ఎవరింటికెళ్ళినా "చిక్కిపోయారేం, రోగమా?" అని అడగనివాళ్ళు లేరు. ఇక్కడ ఆయన ఎవరూ కాదు. ఎవరూ కాకపోవడం కూడా ఎంతో హాయిగా ఉంది.

వంటగదిలోంచి తవిటయ్య తల్లి కాసమ్మ బయటికి వచ్చింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, చేతికి మసి.

"డ్రైవరు బాబూ, ముందు నువ్వు తినెయ్యి. బండి తోలేవోడు ఆకలితో ఉండకూడదు."

వైకుంఠరావు జేబులోంచి ఉగ్గుగిన్నె తీశాడు. "ఇందులో పెట్టండమ్మా. ఓ చెంచాడు చాలు."

"ఇదేటి బాబూ, పసిగుంటల గిన్ని!"

"అలవాటమ్మా."

కాసమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, జాలిపడి, రొయ్యల ఇగురు రెండు ముక్కలు, కాసింత అన్నం పెట్టింది. ఆయన ఒక రొయ్యని నోట్లో పెట్టుకుని కళ్ళు మూశాడు. పదోసారికి చిన్నప్పటి వీధి వచ్చింది. పదిహేనుకి అమ్మ వచ్చింది. ఇరవయ్యోసారికి పెళ్ళి బంతి రాలేదు, మళ్ళీ అమ్మే వచ్చింది. చేతిలో ఎండిన మామిడి ముక్క పట్టుకుని ఉంది.

"అమ్మా, ఇందులో పులుపు చింతపండుది కాదు. అంబుల వేసేరు. ఎండబెట్టిన మామిడి ముక్క. దించే ముందు చిటికెడు వాము నలిపేరు."

కాసమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. కొత్త కోడలిగా వచ్చిన రోజు నుంచీ ఆమె అంబుల వేస్తూనే ఉంది. మొగుడు తిన్నాడు, కొడుకులు తిన్నారు, ఊరంతా తిన్నది. పళ్ళేలు ఖాళీ అయ్యాయి. అంతే. ఆమె పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"యాభైయేళ్ళుగా ఏస్తన్నాను బాబూ. ఒక్కడూ కనిపెట్టనేదు. తిను, ఇంకోటి తిను" అంది. 

అక్కడ ముందు గదిలో బంతి బాగా వేడెక్కింది. కొండలు విస్తరి మూడోసారి నిండి మూడోసారి ఖాళీ అయింది. తవిటయ్య పరమానందంగా ఒక్కొక్క పీతా తనే వడ్డిస్తూ అడుగుతున్నాడు.

"పెళ్ళి ఇక్కడే, రంభలోనే సేసెద్దాం. ఏటంటారు?"

"ఊఁ" అన్నాడు కొండలు.

"ఇంక పదిహేను రోజుల్లో మంచి ముహూర్తం ఉంది."

"ఊఁ."

"పిల్ల ఇంక దిగపహండి ఎల్లక్కర్నేదు. ఆ ఉజ్జోగం మానిపిచ్చెద్దాం. మా ఇంట్లో ఏటి తక్కువ?"

కొండలు నోట్లో పీత కాలు ఉంది. "ఊఁ" అన్నాడు.

గుమ్మం పక్క కూర్చున్న నీలమ్మ తల అడ్డంగా ఊపింది. దగ్గింది. గాజులు గలగలలాడించింది. బంతిలో పెద్దమనిషి మాటిచ్చాక ఆ ఇంటి ఆడపడుచే కాదంటే పరువుండదు. పుణ్యవతి కళ్ళతోనే ఉరిమింది. కొండలు చూడలేదు, విస్తరిలో ఇంకో కాలు ఉంది.

ఆ మాట దొడ్లోకి వినిపించింది. వైకుంఠరావు అప్పటికి రెండో రొయ్యని పన్నెండోసారి నములుతున్నాడు. చొక్కా గుండీ పెడుతున్న కామాక్షి వేళ్ళు కళ్ళముందు కదిలాయి. మిగిలిన పదమూడు మానేసి, గుటుక్కున మింగి, లోపలికి పరుగెత్తాడు.

మింగింది దిగలేదు. గుండెకాయకి సరిగ్గా కింద అడ్డం పడింది. గుమ్మంలో నిలబడి నోరు తెరిస్తే మాటకి బదులు ఎక్కిళ్ళు వచ్చాయి. చెయ్యి అడ్డంగా ఊపాడు. కామాక్షి ఉద్యోగం మానదని ఆ చేతి అర్థం. తవిటయ్యకి వేరేలా అర్థమైంది.

"ఓలమ్మా, డ్రైవరుకి ఏటో అయిపోతంది! నీళ్ళు తెండి!"

ఎవరో చెంబుడు నీళ్ళు తెచ్చారు. పుణ్యవతి కెవ్వుమని, "నీళ్ళొద్దు!" అంటూ చెంబు లాక్కుంది. ప్రాణం పోయేవాడికి నీళ్ళివ్వని ఈవిడేం మనిషని బంతి బంతంతా నిర్ఘాంతపోయింది. అంతలో కొండలు అన్నీ మరిచిపోయి, విస్తరి ముందు నుంచి ఒక్క ఉదుటున లేచాడు.

"బాబూ! కూకోండి బాబూ! తొందరగా మింగొద్దని డాక్టరు సెప్పేడు గదా!"

పెద్దమనిషి లేచాడు. ఆనవాయితీ ప్రకారం బంతి మొత్తం లేచింది. పాయసం వడ్డించనైనా లేదు. తవిటయ్య మొహం మాడిపోయింది.

"మజ్జిలో లెగిసిపోయేరు. అంటే మా ఇల్లు మీకు నచ్చనేదన్నమాట" అన్నాడు మెల్లగా.

నీలమ్మ ఏడుపు లంకించుకుంది. కొండలు ఎంగిలి చేత్తో అలాగే నిలబడి, "నాను మేనమాఁవని కాదు బాబూ, బండి తోలుకుంటాను. ఈయనే మా బాబు" అన్నాడు.

"ఈయనా?" తవిటయ్య నమ్మలేదు. "ఈయన్లాటోళ్ళు ఇద్దరైతే గాని ఆ వైకుంఠబాబు అవ్వడు."

రొయ్య అప్పుడు దిగింది. వైకుంఠరావు ఊపిరి పీల్చుకుని ఓటరు కార్డు తీసి చూపించాడు. అందులో చెంపలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇంక దారి లేక, అందరి ముందూ చొక్కా ఎత్తాడు. పొట్టమీద అయిదు చిన్న మచ్చలు.

"నేనేనండీ. ఆపరేషన్ చేసి పొట్టలో మూడొంతులు తీసేసేరు. సిగ్గుపడి దాచేను. నేను తినేవాడినని అందరికీ తెలుసు, తినలేనని చెప్పడానికి నోరు రాలేదు. తప్పయింది."

 కాసమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"తీసింది ఏటి సేసేరు బాబూ?"

"నేనడగలేదమ్మా."

"మరి అంత తొందరగా ఎందుకు మింగేవు?"

"మా పిల్ల ఒక్క మాట చెప్పమంది. ఉజ్జోగం మానదని. ఆ ఒక్క మాటకే వచ్చేనమ్మా. అది కూడా నా బదులు ఇంకొకడు తినేసేడు."

కాసమ్మ కొడుకువైపు తిరిగింది. "ఇన్నావురా? ఒక్కో రొయ్యని పాతికసార్లు నవిలే మనిషి, నవలకుండా మింగి పరిగెట్టేడంటే ఆ మాట ఎంతదో సూసుకో. నా సేతి అంబుల కనిపెట్టినోడు నాకు అబద్ధం ఆడడు. ఆ పిల్ల ఉజ్జోగం మానదు. అందరూ కూకోండి."

అందరూ కూర్చున్నారు. ఈసారి బంతి మొదట వైకుంఠరావు, ఆయన ముందు విస్తరిలో ఉగ్గుగిన్నె. నాలుగు చెంచాలు తినడానికి ముప్పావుగంట పట్టింది. ఆయన లేచేదాకా ఎవరూ లేవకూడదు కనుక, వేరే పని లేక, ఆ ఇంట్లోవాళ్ళంతా మొట్టమొదటిసారి నమిలారు. మధ్యలో ఎవరో, "ఇందులో వాముందేటి నాయినమ్మా?" అన్నారు. కాసమ్మ కొంగు కళ్ళకి అద్దుకుంది. ముహూర్తం ఫాల్గుణానికి మారింది.

పొద్దు వాలుతుండగా తవిటయ్య బండిదాకా వచ్చి సాగనంపాడు. ఈసారి కావిలించుకుంటే చేతులు అందాయి. వదలకుండా, తల్లికి వినబడకుండా చెవిలో అడిగాడు.

"వైకుంఠబాబూ, ఆ డాక్టరు ఏ వారం ఉంటాడండి?"

ఫాల్గుణంలో పెళ్ళి జరిగింది. మధ్యాహ్నం కూర్చున్న మొదటి బంతి దీపాలు పెట్టే వేళకి లేచింది, బంతి మొదట ఇప్పుడు రెండు ఉగ్గుగిన్నెలున్నాయి మరి. కామాక్షి మూడోరోజునే బడికి వెళ్ళింది. కొండలు మాత్రం ఈసారి తన పేరుమీదే తిన్నాడు.