ముగ్గురు శుభ్రం చేసిన అతుకు

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. తనిఖీ సంఘం వస్తుంది. మేక కార్జానికి గాటు పెట్టి, దానిమీద విద్యార్థులు తయారుచేసిన జిగురు అతుకు వేసి, గొట్టంతో లోపలికి నీళ్లు వదులుతారు. కారకపోతే మూడు శాఖలకూ కలిపి పెట్టిన ఈ కోర్సు ఉంటుంది. కారితే ఈ ఏడాదితో సరి. ఆ అతుకు తడి కార్జం మీద ఇంతవరకూ ఒక్కసారీ నిలవలేదన్న సంగతి కోర్సు నడిపే మేడమ్‌కీ, ఆమె ముగ్గురు శిష్యులకీ మాత్రమే తెలుసు.

"ఎవరో ఒకరు దాన్ని శుభ్రం చేసి పెట్టండి," అనేసి మేడమ్ కార్జం తేవడానికి వెళ్లింది.

ఆ 'ఎవరో ఒకరు' కొంప ముంచింది. అందరూ కొలిమి అని పిలిచే లోహాల శాఖ కుర్రవాడికి శుభ్రమంటే వేడి. అతుకును ఓవెన్‌లో పెట్టి తీశాడు. సూక్ష్మజీవుల శాఖ నుంచి వచ్చిన బూజమ్మ, మిగతావాళ్లకు క్రిముల సంగతేం తెలుసని, అతినీలలోహిత దీపం కింద ఉంచింది. సర్జరీ చదివే డాక్టరమ్మ ఆ ఇద్దరినీ ఎన్నడూ నమ్మలేదు. స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టింది.

మేడమ్ వచ్చేసరికి మెత్తటి అతుకు ఎండిన నిమ్మతొక్కలా ఉంది.

"ఎవరి పనిది?"

"కొంచెం వేడి చూపించానంతే మేడమ్," అన్నాడు కొలిమి.

"నువ్వూ చేశావా? మరి నేను దీపం కింద పెట్టిందేమిటి?" అంది బూజమ్మ.

"ముందే చెప్పి ఏడవొచ్చుగా. సీసాడు స్పిరిట్ పోశాను," అంది డాక్టరమ్మ.

"మూడు శాఖలూ కలిసి పనిచెయ్యండర్రా అంటే, కలిసి తగలేశారు."

అంతలో సంఘం లోపలికి వచ్చింది. డాక్టరమ్మ గ్లవ్స్ అందించింది.

"ఎందుకమ్మా, కార్జం నాకు కొత్తా?" అని సంఘం అధ్యక్షుడు కుర్చీ లాక్కుని కూర్చుని, వట్టి చేత్తో కార్జాన్ని తిప్పి చూశాడు. అదే తడి చేత్తో అతుకు ఎత్తాడు. "ఇదేమిటి, చెప్పుల అట్టముక్కా?"

కింద పెట్టబోతే అది రాలేదు. రెండో అరచేత్తో తొయ్యబోయాడు. అదీ పట్టుకుపోయింది. కొలిమి పరుగున వచ్చి లాగితే కుర్చీతో సహా అధ్యక్షుడే కదిలాడు.

"వదలవోయ్, చర్మం వచ్చేలా ఉంది."

మేడమ్ ముఖం వెలిగింది. "ఇన్నాళ్లూ మనం తడిగా వేశాం, జారిపోయింది. ఎండితే ఎదుటి తడిని తాగేసి కరుచుకుంటోంది." ఆయన వేళ్ల బయటికి వేలాడుతున్న సగాన్ని కత్తెరతో కోసి, కార్జానికి గాటు పెట్టి దానిమీద ఒత్తి, గొట్టం కుళాయి తిప్పింది.

కార్జం బుడగలా ఉబ్బింది. చుక్క కారలేదు.

"వేడి నాది మేడమ్."

"దీపం సంగతో?"

"ఆరబెట్టిందెవరు మరి?"

"ముగ్గురూ కలిసే చేశారు," అంది మేడమ్, "ఒకరికొకరు తెలియకుండా."

"కోర్సు ఉంచుతున్నాం," అన్నాడు అధ్యక్షుడు. "ముందు నన్ను విడిపించండి."

ఉత్తర్వు మీద సంతకం మాత్రం మధ్యాహ్నానికి గాని పడలేదు. అప్పటిదాకా ఆయన చేతులు ఒకదాన్నొకటి వదల్లేదు.