సమానత్వ కుళాయి

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను తక్షణం ఆపాలని డైరీ ఫార్మ్ పేటలోని తెలుగు సంక్షేమ సంఘం ఆదివారం ఏకగ్రీవంగా తీర్మానించింది. అధ్యక్షులు వీరరాఘవయ్యగారు గంటన్నర మాట్లాడి, రెండుసార్లు కళ్లు తుడుచుకున్నారు. కార్యదర్శి గురునాథం తీర్మానాన్ని మూడు ప్రతులు టైపు చేశాడు. ఇక అక్కడి ప్రభుత్వం దారికి రావడమే తరువాయి.

సోమవారం ఉదయం వీధి కుళాయి దగ్గర గొడవైంది. నీళ్లు వచ్చేది ముప్పావుగంట. ఎవరెప్పుడు వచ్చినా ముందు ఉద్యోగస్తుల బిందెలు, తర్వాత చేపలవాళ్లవి, చిట్టచివర రాంచీ నుంచి వచ్చిన కూలీలవి. ఎవరూ రాయకపోయినా అందరూ పాటించే రూలది. రోడ్డుపనికి పోయే రాంచీ మనిషి బుధని ఆ రోజు అందరికన్నా ముందొచ్చి బిందె పెట్టింది. పనివేళకు ముందే పట్టుకోకపోతే ఇంట్లో ఆ రోజుకి చుక్క నీరుండదు. అధ్యక్షులవారి భార్య శారదాదేవి ఆ బిందెను కాలితో వెనక్కి నెట్టింది.

"నల్లమొహాలకు మొదటి నీళ్లా?"

చేపలమ్మే కాళమ్మ ఆ బిందె తెచ్చి మళ్లీ ముందు పెట్టి, పక్కనే నిలబడింది.

"ఏటమ్మా, నానేటి తెల్లగున్నానా? ముందొచ్చినోలు ముందు పట్టుకుంతారు."

"రేపట్నుంచి నీ చేపలు ఎవరు కొంటారో చూస్తాను!"

"కొనకపోతే మానీండి. నానే వండుకు తింతాను."

"జానే దో దీదీ," అంది బుధని, పోనిమ్మన్నట్టు బిందె వెనక్కి తీయబోతూ.

"చుప్! కదిలావంటే సూడు."

ఈ వాదనలోనే నీళ్లు ఆగిపోయాయి.

సాయంత్రం వీరరాఘవయ్యగారు చలించిపోయారు. "వివక్ష మన వీధికే వచ్చిందటయ్యా! సంఘం ఊరుకోదు."

"అమ్మగారితో ఒక్కమాట చెబితే సరిపోతుందేమోనండి," అన్నాడు గురునాథం.

"వ్యక్తుల జోలి మనకెందుకు? సమస్యను రూట్ లెవెల్లో చూడాలి. వాళ్లకి వేరే కుళాయి వేయిద్దాం."

"వేరేనా అండీ?"

"సమానంగానేనయ్యా. కాస్త దూరంగా."

వారం తిరక్కుండా వీధి దిగువన కుళాయి వెలిసింది. పైన 'సమానత్వ కుళాయి' అని బోర్డు. ప్రారంభోత్సవం పొద్దున్నే, నీళ్లొచ్చే వేళకే పెట్టారు. నైతిక ధైర్యానికి గుర్తింపుగా కాళమ్మకు శాలువా కూడా తెప్పించారు. వీధి ఆడవాళ్లంతా పట్టుచీరల్లో వచ్చారు. మైకులో మూడుసార్లు పిలిచినా కాళమ్మ రాలేదు. శాలువాను తాత్కాలికంగా అధ్యక్షులవారికే కప్పారు.

ఆయన రిబ్బను కత్తిరించి కుళాయి తిప్పారు. కిర్రుమని చప్పుడొచ్చింది. చప్పట్లు మోగాయి. దానికి పైపు కలపడం వచ్చే ఏడాది ప్రణాళికలో ఉంది.

"నీళ్లొచ్చాయా?" అధ్యక్షులవారు మెల్లిగా అడిగారు.

గురునాథం వీధి ఎగువకు చూశాడు. పాత కుళాయి దగ్గర రెండే బిందెలు, ఇద్దరే మనుషులు. బుధని బిందె నిండి పొర్లుతోంది.

"వచ్చాయండి," అన్నాడు మైకులోనే. "పాత కుళాయికి. బుధనిది మొదటి బిందె."

చప్పట్లు ఆగిపోయాయి. ఎగువ నుంచి కాళమ్మ గొంతు ఖంగున వినిపించింది.

"గురునాథం బాబూ! బేగి బిందె తెచ్చుకో! లైన్లో నువ్వు మూడోవోడివి!"