ఆనెకాయకి డాక్టరా?

ఆ ఉదయం చెప్పుల షాపు సేల్స్‌మన్ వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. దారిలో డాక్టరు దగ్గర ఆగి కాలి ఆనెకాయ తీయించుకోవాలి. కుంటకుండా షాపుకు వెళ్లాలి. కొత్త బ్రాంచికి మేనేజరు ఎవరో ఓనరు ఇవాళే చెబుతానన్నాడు. ఇన్నేళ్లూ జనం పాదాలు పట్టుకుని బతికినవాడికి కుర్చీ అంటూ దక్కితే ఇప్పుడే దక్కాలి.

ఆ ఆనెకాయ కూడా షాపు పెట్టిన భిక్షే. సూదిమొన బూట్లంటే ఓనరుకు ప్రాణం. స్టాఫంతా అవే తొడగాలని ఆర్డరు. చిటికెనవేలి చర్మం ఒరుసుకుని ఒరుసుకుని గట్టిపడి, అడుగు వేస్తే జివ్వుమంటోంది.

క్లినిక్‌లో జనం కిటకిటలాడుతున్నారు. ఆలస్యమయ్యేలా ఉందని ఓనరుకు ఫోన్ చేశాడు.

"కొంచెం లేటవుతుందండీ. ఆనెకాయ కోయించుకుని వచ్చేస్తా."

వీధి రొదలో ఓనరుకు అది ఆనపకాయ అని వినబడింది. "ఇవాళేంటయ్యా ఆ గొడవ? ఇంట్లో కోసేవాళ్లు లేరా?"

"అమ్మో, ఇంట్లో కోస్తే చీము పడుతుందండీ! మా ఆవిడ బ్లేడు తెస్తే నేనే వద్దన్నా."

"ఇంతకీ ఎక్కడున్నావ్?"

"డాక్టరు దగ్గర. ఎన్నాళ్లని మోస్తానండీ? పడుకున్నప్పుడు దానికి దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది."

నిక్షేపంలాంటి మనిషికి మతి పోయిందనుకున్నాడు ఓనరు. "కొత్త బ్రాంచి నువ్వే చూసుకో" అని క్యాషియరుతో చెప్పి, క్లినిక్‌కు పరుగెత్తాడు. క్యాషియరు ఆనందం పట్టలేక, సానుభూతి కూడా ఆపుకోలేక, సేల్స్‌మన్ భార్యకు ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"అయ్యో, మా ఇంట్లో ఆనపకాయ ఎవరూ తినరే!" అని ఆవిడ ఘొల్లుమంది. వెంటనే తమ్ముణ్ణి పిలిచింది. ఆ తమ్ముడు ముందుచూపున్నవాడు. ఎందుకైనా మంచిదని తాడు కూడా తెచ్చాడు.

ఓనరూ, అక్కాతమ్ముళ్లూ గుమ్మం దగ్గరే కలిసి లోపలికి దూసుకెళ్లేసరికి సేల్స్‌మన్ గోరువెచ్చటి నీళ్ల తొట్టెలో కాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"బావా, ఏం భయంలేదు. ఆ ఆనపకాయ ఇలా ఇచ్చెయ్" అన్నాడు బావమరిది, తాడు వీపు వెనక దాచుకుంటూ.

"ఆనపకాయేంట్రా నీ మొహం!" సేల్స్‌మన్ తడికాలు పైకెత్తాడు. "ఆనెకాయ!"

డాక్టరు పడీపడీ నవ్వాడు. "దీనికి కత్తి కూడా అక్కర్లేదమ్మా. నానబెట్టి మెల్లగా అరగదీస్తే చాలు. షుగరున్నవాళ్లు మాత్రం సొంతంగా చేసుకోకూడదు, మా దగ్గరికే రావాలి. కానీ ఒరిపిడి ఆగకపోతే మళ్లీ వస్తుంది. వేళ్లు ఆడేంత వెడల్పు బూట్లు వెయ్యాలి. ఇంతకీ ఈ సూదిమొనలు తొడిగించిన మహానుభావుడెవరు?"

అందరూ ఓనరు వైపు చూశారు. ఆయన కుర్చీ లాక్కుని, తన బూట్లు, మేజోళ్లు విప్పాడు.

"నాకు రెండు కాళ్లకీ ఉన్నాయి డాక్టరుగారూ. ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నా."

ఇంకో తొట్టె వచ్చింది. వేడినీళ్లలో పాదాలు పెట్టగానే ఓనరు ముఖం విప్పారింది. "నాకు ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

"మీరు నవ్వుతూ నడుస్తుంటే నా కాలే మంచిది కాదనుకున్నానండీ."

"నవ్వు కాదయ్యా అది, పళ్లు బిగబట్టడం! విను, కొత్త బ్రాంచి నీదే. అక్కడ వేళ్లు ఆడే బూట్లే అమ్ముదాం."

సేల్స్‌మన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కబురు క్యాషియరుకు ఫోన్‌లోనే చెప్పారు, ఈసారి ఒక్కో అక్షరం విడమరిచి.

సూదిమొన బూట్లన్నీ తగ్గింపు ధరకు పెడితే, మొదటి జత కొనుక్కున్నది డాక్టరుగారే.